కోళ్ళ షెడ్డులో పలకరాళ్ళు

మొన్న ఒక కొత్త డాక్టరు పిల్ల ఫోన్ చేసింది. కోళ్ళ కంపెనీలో చేరి ఇంకా మొదటి జీతం కూడా అందుకోలేదట. "మేడం, బ్రాయిలర్ షెడ్డులో ఇ.కోలై వచ్చింది. దాణాలో ఏ పొడి కలిపితే తగ్గుతుంది?" అని గుక్క తిప్పుకోకుండా అడిగింది. "పొడి సంగతి తర్వాత చూద్దాం గానీ, ముందు కింద పరిచిన ఊక గుప్పెడు తీసి పిండి చూడు తల్లీ" అన్నాను. ముసలావిడకు ఫోన్ చేసి పొరపాటు చేశానని అనుకుని ఉంటుంది.

ఆ పిల్ల కోసమే ఇది రాస్తున్నాను. మార్కాపురం శివార్లలో ఒక దాణా మిల్లు ఉండేది. అందులో కోళ్ళ డాక్టరుగా చేరి, జుట్టు నెరిసేదాకా అక్కడే పనిచేశాను. నాకు ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు శాలువా కప్పారు లాంటి ముచ్చట్లు ఇందులో ఉండవు. శాలువాలు బీరువాలో భద్రంగా ఉన్నాయి. వాటివల్ల ఒక్క కోడి కూడా బతకలేదు.

కోసి చూడటం

మా పని ఏమిటో ముందు చెబుతాను. మిల్లువాళ్ళు రైతుకు కోడిపిల్లలు, దాణా, మందులు ఇస్తారు. రైతు షెడ్డు, నీళ్ళు, తన రెక్కల కష్టం పెడతాడు. ఆరేడు వారాలకు పెరిగిన కోళ్ళను మిల్లే తీసుకుపోయి అమ్ముకుంటుంది. మధ్యలో జబ్బు చేస్తే డాక్టరు పరిగెత్తాలి. అంటే నేను.

పరిగెత్తి ఏం చేస్తాం? చచ్చిన కోడిని కోస్తాం. మా పనిలో సగం అదే. కాలేజీలో తెల్లకోటు వేసుకుని టేబుల్ మీద కోస్తారు. గిద్దలూరు దారిలో జీపు బానెట్ మీద కోస్తారు. చూసేవాళ్ళు చుట్టూ మూగి, "ఏంది డాక్టరమ్మా, కూరకా?" అని అడుగుతారు. ఇంటికి పోతే మా ఆయన గుమ్మంలోనే ఆపి, ముందు స్నానం అని వేలు చూపిస్తాడు. కొత్తగా చేరే పిల్లలకు నేను ఇచ్చే మొదటి సలహా, వాసనకు సిగ్గుపడొద్దని.

కోసిన కోడి అబద్ధం చెప్పదు. కాలేయం మీద తెల్లటి పొర కట్టి, గాలి తిత్తులు మసకబారి ఉన్నాయంటే ఇ.కోలై ముదిరిందన్నమాట. చాలామంది డాక్టర్లు అక్కడితో కత్తి కడిగేసుకుని మందు రాసి వెళ్ళిపోతారు. నాకు అది నచ్చదు. ఆ సూక్ష్మజీవి ఆకాశం నుంచి ఊడిపడలేదు. ఆరోగ్యంగా తిరిగే కోడి పేగుల్లోనూ అది ఉంటుంది, ఊకలోనూ ఉంటుంది. ఎప్పుడూ ఉండేది ఈ వారమే ఎందుకు చంపింది? ఆ ప్రశ్నకు జవాబు దొరికిందాకా డాక్టరు జీపు ఎక్కకూడదు.

పొడుల మాట

ఇక పొడులు. వెల్లుల్లి పొడి, పసుపు పొడి, మిరియాల సారం, పేగులకు మేలు చేసే బ్యాక్టీరియా పొడి, నీళ్ళలో కలిపే పులుపు మందులు, మాంసం బాగుండటానికి విటమిన్ ఇ. వీటిని అమ్మేవాళ్ళు ఇస్త్రీ చొక్కాలతో మిల్లుకు వచ్చేవాళ్ళు. ఒక్కొక్కరు చెప్పేది వింటుంటే ఇక నాలాంటి డాక్టరుతో పనేముంది అనిపించేది.

ఇవి పనిచేస్తాయా అంటే, చేస్తాయి. పేగులో మంచి బ్యాక్టీరియా నిండుగా ఉంటే చెడ్డదానికి చోటు తక్కువ. కోడి తిన్నది ఒంటబడుతుంది. జబ్బు తాకినా తట్టుకునే బలం కొంత వస్తుంది. మాంసం విషయంలోనూ తేడా కనిపిస్తుంది. జబ్బుతో కుంగిన కోడి మాంసం పాలిపోయి, మెత్తబడి, నీళ్ళు ఓడుతుంది. మంచి మేతతో నిలదొక్కుకున్న కోడి మాంసం తన నీళ్ళు తనలోనే పట్టి ఉంచుకుంటుంది.

అయితే ఏ పొడైనా పొడిగా ఉన్న షెడ్డులోనే పనిచేస్తుంది. కింద ఊక తడిసి, అమ్మోనియా ఘాటుకు మనకే కళ్ళమ్మట నీళ్ళు కారుతుంటే, రోజంతా ఆ గాలే పీల్చే కోడికి వెల్లుల్లి ఏం చేస్తుంది? కుళాయి కట్టకుండా నేల తుడవడమే అది. పొడి అమ్మేవాళ్ళకు ఈ మాట చెబితే మొహం ముడుచుకునేవారు. నాకేం, నాకు టీ పోసేది మిల్లువాళ్ళు, వీళ్ళు కాదు.

రంగారావుగారి నాలుక

మా మేనేజరు రంగారావుగారు గోదావరి మనిషి. నా ఉద్యోగంలో చాలామంది పైవాళ్ళను చూశాను, ఈయనతో పోట్లాడినంతగా ఎవరితోనూ పోట్లాడలేదు, ఈయనకు ఇచ్చినంత విలువా ఎవరికీ ఇవ్వలేదు. ఆయనకో అలవాటుండేది. మిల్లులో దాణా తయారైన ప్రతిసారీ చిటికెడు తీసి నోట్లో వేసుకునేవాడు. కళ్ళు మూసుకుని నమిలి, "చేపపొడి కాస్త పాతదండీ" అనో, "ఉప్పు సరిపోయిందండీ" అనో తీర్పు చెప్పేవాడు. మొదట్లో నేను మొహం పక్కకు తిప్పుకునేదాన్ని. తర్వాత ల్యాబు రిపోర్టులతో పోల్చి చూస్తే ఆయన నాలుక తప్పడం అరుదు.

రాష్ట్రం విడిపోయిన కొత్త అది. ఏ టీ కొట్టు దగ్గర ఆగినా రాజధాని ఎక్కడ పెడతారన్న మాటే. మావైపు జనం మాత్రం మార్కాపురం జిల్లా అవుతుందా, కాలువ నీళ్ళు ఎప్పుడొస్తాయని అడిగేవాళ్ళు. ఆ ఊపు రంగారావుగారికీ తగిలింది. ఒకరోజు గదిలోకి పిలిచి, "ఏవండీ డాక్టరుగారూ, కొత్త రాష్ట్రం, కొత్త కోడి! యాంటీబయాటిక్ లేకుండా, ఉత్త మూలికల పొడీ, మంచి బ్యాక్టీరియా పొడీ పెట్టి పెంచేద్దామండీ. బోర్డు కూడా రాయించేశానండీ" అన్నాడు.

"పెంచుదాం సార్. జబ్బు చేస్తే?"

"చెయ్యదండీ. పొడి ఉంది కదండీ."

"చేస్తుంది సార్. చేసినప్పుడు మందు ఇవ్వకుండా చూస్తూ కూర్చోవడం సైన్సు కాదు, పాపం."

ఆయన బోర్డు వైపు, నా వైపు చూశాడు. చివరికి, ఆరోగ్యంగా ఉన్నంతకాలం పొడితోనే పెంచుదాం, నిజంగా జబ్బు చేస్తే మందు వాడి, ఆ కోళ్ళకు బోర్డు కట్టకుండా, మందు ఒంట్లోంచి పోయిందాకా అమ్మకుండా ఆపుదాం అని ఒప్పందానికి వచ్చాం. పొడిని రెండు షెడ్లలో వేసి చూడాలనుకున్నాం. ఒకటి తర్లుపాడు వైపు. రెండోది బేస్తవారిపేట దగ్గర చెన్నయ్యది. రెండోదాన్ని పట్టుబట్టి ఎంచుకున్నది నేనే. ఎందుకో చెబుతాను.

ఆదెమ్మ అడిగిన మాట

చెన్నయ్యవాళ్ళు తరతరాలుగా గొర్రెలు కాసుకునేవాళ్ళు. మావైపు ఎండలు ముదిరేసరికి మేత ఉండదు, నీళ్ళుండవు. అందుకని మందలు కిందికి దిగుతాయి. కిందికంటే నెల్లూరు వైపు, కృష్ణ కాలువల వైపు, వరి కోసిన పొలాలకు. మళ్ళీ వానలు పడ్డాకే వెనక్కి. మంద వెంట మగవాళ్ళు పోతారు. ఆడవాళ్ళు ఇల్లు చూసుకుంటూ ఉంటారు.

చెన్నయ్య భార్య ఆదెమ్మకు ఇది నచ్చలేదు. కూతురి పెళ్ళి చేసి పంపాక ఒంటరితనం ఎక్కువైంది. మొగుడితో పోరి, తమ వాటా గొర్రెలను అమ్మించి, కోళ్ళ షెడ్డు వేయించింది. మిగిలిన మంద చెన్నయ్య తమ్ముడు కాశయ్య దగ్గర ఉంది. చెన్నయ్య ఒప్పుకున్నాడు గానీ ఒక మెలిక పెట్టాడు. షెడ్డు నిలబడితే సరి, లేకుంటే కర్ర పట్టుకుని తమ్ముడి వెంట పోతానన్నాడు.

మొదటి రెండు బ్యాచ్‌లూ దెబ్బతిన్నాయి. రెండుసార్లూ ఇ.కోలై. మందు వేస్తే కొంత తగ్గడం, మళ్ళీ తిరగబెట్టడం. మూడోది కూడా ఇలాగే అయితే ఆ షెడ్డుకు ఇక పిల్లల్ని పంపనని రంగారావుగారు తేల్చి చెప్పాడు. ఆయన్ను తప్పుపట్టలేను. ఆ సంగతి చెప్పడానికి నేనే పోయాను. చెన్నయ్య లేడు. పొద్దున పూటంతా తమ్ముడి మందకు సాయం పోతాడట.

ఆదెమ్మ నులక మంచం వాల్చి కూర్చోబెట్టింది. విని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అమ్మా, ఈ తూరి గూడా పోయినాయంటే ఆయన కర్ర ఎత్తుకుంటాడు. ఎత్తుకున్నాడంటే వానలు పడిందాకా మొకం కనపడదు. పెండ్లయి ఇన్నేండ్లయింది, ఎండాకాలంలో మొగుడు ఇంట్లో ఉన్నింది నేను ఎరగను. నువ్వు పొడేస్తావో సూదేస్తావో, ఈ కోళ్లను నిలబెట్టు."

"ఇప్పుడు ఫోన్లున్నాయి కదా ఆదెమ్మా" అన్నాను, ఏదో ఊరడింపుగా.

"ఫోన్లో మడిసి కూడు తింటాడా అమ్మా?"

ఆ షెడ్డులో పొడి వేద్దామని రంగారావుగారితో పట్టుబట్టింది అందుకే.

ఏడ్చే కోడి

మూడో బ్యాచ్ పిల్లలు దిగాయి. కొత్త ఊక పరిచాం, సున్నం చల్లాం, పొడి కలిపిన దాణా పంపాం. మొదటి వారాలు ముచ్చటగా ఉన్నాయి. తర్లుపాడు షెడ్డులోనూ అంతే. అక్కడ కోళ్ళు నిగనిగలాడుతూ పెరిగాయి, పొడి తన పని చేస్తోంది. చెన్నయ్య షెడ్డులో మాత్రం మూడో వారం దాటేసరికి ఊక మళ్ళీ చెమ్మగిల్లింది. గుప్పెట్లో పిండితే లడ్డూలా ముద్ద కట్టింది. కోళ్ళు నీళ్ళ గిన్నెల దగ్గరే కాపురం పెట్టాయి. చచ్చినదాన్ని కోస్తే కాలేయం మీద అదే తెల్ల పొర, పైగా పొట్టలో నీళ్ళు.

అదే వారం గిద్దలూరు నుంచి మస్తాన్ ఫోన్. మస్తాన్ అక్కడి ఒక హోటల్లో వంటమాస్టరు, మా మిల్లు కోళ్ళే కొంటాడు. చెన్నయ్య రెండో బ్యాచ్ కోళ్ళు అతని కుండలోకి పోయినప్పటి నుంచీ నా మీద గుర్రుగా ఉన్నాడు. ఆ రోజు నేనే అటు పని మీద పోతూ హోటల్‌కు వెళ్ళాను.

"డాక్టరమ్మా, ఇట్ల రా. చెప్తే నమ్మవు" అని వంటగదిలోకి లాక్కుపోయాడు. "నేను ముక్కలు కుండలో ఎట్లేస్తాను? చుక్క నీళ్లు పొయ్యను. నూనె, ఉప్పు, పసుపు, మూత. అంతే. కొన్ని కోళ్లు బుద్ధిగా ఉడుకుతాయి. మొన్న మీరిచ్చిన కోళ్లుండాయే, అవి కుండలో ఏడ్సినాయి. కుండ సగానికి నీళ్లు. మసాలా పట్టదు, ముక్క దూది. తినేటోళ్లు నన్ను తిట్టిపోయినారు. నేనెవర్ని తిట్టాల?"

"నన్నే తిట్టు" అన్నాను.

"తిడ్తాండా కదా" అన్నాడు. టీ మాత్రం మంచిది ఇచ్చాడు.

జీపులో కూర్చున్నాక మూడు సంగతులు పక్కపక్కన పెట్టి ఆలోచించాను. తీరని దాహం, తడిసిన ఊక, పొట్టలో నీళ్ళు. కోళ్ళ డాక్టరు ఎవరికైనా ఈ మూడూ కలిస్తే ముందు తట్టేది ఉప్పు. దాణాలో ఉప్పు ఎక్కువైతే కోడి నీళ్ళు తాగుతూనే ఉంటుంది, నీళ్ళగా రెట్ట వేస్తూనే ఉంటుంది. ఊక తడుస్తుంది, ఘాటు లేస్తుంది, ఊపిరి పాడవుతుంది, కాచుకుని ఉన్న ఇ.కోలై లోపలికి దూరుతుంది. సరాసరి మిల్లుకు పోయి, దాణాలో ఉప్పు ఎక్కువ పడిందని రంగారావుగారిని నిలదీశాను.

ఆయన మొహం ఎర్రబడింది. చెన్నయ్యకు పంపిన దాణా మూట విప్పి, గుప్పెడు తీసి నోట్లో పోసుకున్నాడు. నా చేతిలోనూ కొంత పోశాడు. ఏం చేస్తాను, నేనూ నమిలాను. "ఎక్కడుందండీ ఉప్పు?" అన్నాడు. లేదు. ల్యాబూ లేదనే చెప్పింది. బోరు నీళ్ళు పరీక్ష చేయించాం. ఉప్పగా ఉన్న మాట నిజమే, కానీ ఆ చుట్టుపక్కల షెడ్లన్నీ అలాంటి నీళ్ళే తాగుతున్నాయి, వాటికి ఈ బాధ లేదు. నా తల వేడెక్కిపోయింది. దాణాలో లేని ఉప్పు, నీళ్ళలో అంతగా లేని ఉప్పు, కోడి పొట్టలోకి ఎక్కడి నుంచి వస్తోంది?

చెన్నయ్య పిలుపు

ఎప్పుడూ పొద్దున్నే పోయే నేను, ఆ రోజు బేస్తవారిపేట దగ్గర టైరు పంక్చరై, చెన్నయ్య షెడ్డుకు చేరేసరికి ఎండ చల్లబడింది. ఆదెమ్మ నీళ్ళకు పోయింది. షెడ్డు తలుపు దగ్గర కాళ్ళు కడుక్కుంటుంటే లోపలి నుంచి నాలుక టకటకలాడించిన చప్పుడు వినబడింది. గొర్రెలను పిలిచే చప్పుడది. గొర్రెలు షెడ్డులోకి వచ్చాయేమో, చచ్చాంరా దేవుడా అనుకుంటూ తొంగి చూశాను.

గొర్రెలు లేవు. కోళ్ళు పరిగెత్తుతున్నాయి.

బ్రాయిలర్ కోడిని చూసినవాళ్ళకే తెలుస్తుంది ఇదెంత వింతో. అది తన ఒళ్ళు తనే మోయలేదు. దాన్ని కాలితో నెట్టినా రెండడుగులు వేసి కూలబడుతుంది. అట్లాంటి కోళ్ళు రెక్కలు విప్పుకుని, ఒకదాని మీద ఒకటి పడుతూ చెన్నయ్య వైపు పోతున్నాయి. చెన్నయ్య తలపాగాతో నిలబడి, "రాండి నాయనా, రాండి" అంటూ ముందుకు నడుస్తున్నాడు. ఇంత సేవచేసే నేను లోపలికి పోతే ఒక్కటీ తల తిప్పి చూడదు! నవ్వు ఆపుకోలేకపోయాను.

ఆ షెడ్డులో అక్కడక్కడా వెడల్పాటి పలకరాళ్ళు పరిచి ఉండేవి. మార్కాపురం పలకరాయి మా ప్రాంతంలో ప్రతి ఇంటి ముందూ ఉంటుంది కాబట్టి, అవి నడవడానికి వేసుకున్నారనుకున్నాను. చెన్నయ్య నడుముకు కట్టుకున్న గుడ్డసంచిలోంచి ఏదో తీసి వాటి మీద పోశాడు. కోళ్ళు ఎగబడి పొడుచుకు తిన్నాయి. దగ్గరికి పోయి వేలితో అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. రంగారావుగారి సావాసం మరి.

తవుడు. తవుడు నిండా ఉప్పు.

"ఏంది చెన్నయ్యా ఇది?"

"ఉప్పమ్మా" అన్నాడు, ఈ మాత్రం తెలీదా అన్నట్టు. "మందకు బండ మీద ఉప్పు పెట్టకుండా ఉంటామా? మా నాయన నేర్పినాడు. ఉప్పు నాకితే నీళ్లు తాగుతాది, నీళ్లు తాగితే మేత తింటాది, మేత తింటే ఒళ్లు పట్టుతాది. పిలిస్తే వస్తాది. గొర్రెకైనా కోడికైనా జీవం జీవమే కదా."

"ఎప్పటి నుంచి పెడుతున్నావు?"

"ఈకలొచ్చినప్పటి నుంచి. డీలాగా ఉన్నాయంటే ఇంకో పిడికెడు ఎక్కువ పెడ్తా."

నాకు ఒళ్ళు మండింది. జబ్బు ముదిరే కొద్దీ ఉప్పు పెంచుతున్నాడు, ఉప్పు పెరిగే కొద్దీ జబ్బు ముదురుతోంది. "ఇన్నిసార్లు వచ్చి అడిగాను కదయ్యా, ఏమేం వేస్తున్నారని! చెప్పొద్దా?" అని అరిచాను.

"మీరు ఏం మందులేస్తాండారని అడిగితిరి. ఉప్పు మందెట్లయితాదమ్మా?"

ఈలోగా నీళ్ళ బిందెతో ఆదెమ్మ వచ్చింది. గొర్రెకు పనికొచ్చే ఉప్పు కోడిపిల్లకు ఎట్లా చేటు చేస్తుందో, దాని చిన్న మూత్రపిండాలు అంత ఉప్పును బయటికి నెట్టలేవని, ఆ నీళ్ళే పొట్టలోకి, ఊకలోకి చేరుతున్నాయని వివరించాను. ఆమె బిందె దించి, "ఓరి నీ పాసుగూల! నేను ఊరి దేవుళ్లందరికీ మొక్కుకుంటాంటే, నువ్వు ఉప్పు పోస్తాండావా?" అని సంచి లాగేసుకుంది.

చెన్నయ్య బిక్కచచ్చిపోయాడు. పలకరాయి మీద కూర్చుని అన్నాడు. "అయితే నేనీడ ఉండేది దేనికి? మేత మీ డబ్బాల్లో ఉంటాది, నీళ్లు గొట్టంలో వస్తాయి. చేత్తో పెట్టే పని ఒక్కటీ లేకపాయె. ఇది పెంచడం ఎట్లయితాది? కాపలా ఉండడమే కదా. నేను మంద ఎంటనే పోతాలే."

ఆదెమ్మ నా మొహంలోకి చూసింది. ఉప్పు దొరికిందని సంబరపడుతున్న నాకు, అసలు గండం ఇంకా గడవలేదని అప్పుడు అర్థమైంది. కోళ్ళు బతికినా ఈ మనిషి నిలబడడు.

కోళ్ళ వైపు చూశాను. పలకల మీద ఎగబడి తినేవి తింటున్నాయి. కానీ అన్నీ రాలేదు. మూలల్లో కొన్ని ఈకలు ఉబ్బించుకుని, కళ్ళు మూసుకుని అక్కడే ఉన్నాయి. నేను అన్నేళ్ళుగా షెడ్లలో తిరుగుతూ ఒక్కోదాన్ని వంగి వెతుక్కునేది వాటినే.

"చెన్నయ్యా, పలకలు తియ్యొద్దు. పిలుపూ మానొద్దు. ఉప్పు, తవుడు మాత్రం మానెయ్. దాని బదులు మా దాణా గుప్పెడు తీసుకుని, దాంట్లో నేనిచ్చే పొడి కలిపి చేత్తో పెట్టు. ఎన్ని వచ్చాయో నాకొద్దు. రానిది ఏదో చూసి, అప్పటికప్పుడు వేరు చెయ్."

అతను తలెత్తాడు. "మందలో ఎనకబడేదాన్ని చూసినట్ల?"

"అచ్చం అట్లే."

"అది నాకు శాతనైతాది" అన్నాడు.

ఆపిన బండి

తడి ఊకంతా ఎత్తిపోసి కొత్తది పరిచాం. పరదాలు పైకి కట్టి గాలి ఆడనిచ్చాం. జబ్బు ముదిరినవాటిని తీసి లోతుగా గొయ్యి తవ్వి పూడ్చేశాం. మిగతావాటికి యాంటీబయాటిక్ ఇచ్చాం. అది ఇస్తుండగా బ్యాక్టీరియా పొడి ఆపేశాను. రెండూ కలిపి ఇవ్వడమంటే ఒక చేత్తో విత్తనం చల్లి ఇంకో చేత్తో కలుపుమందు కొట్టడమే. కొత్త డాక్టర్లు చాలామంది ఈ తప్పు చేస్తారు, రైతు రెండింటికీ ఖర్చు పెట్టుకుంటాడు. మందు అయిపోయాక పొడి మళ్ళీ మొదలుపెట్టాం, చెన్నయ్య చేతి మీదుగా.

కోళ్ళు తేరుకున్నాయి. నీళ్ళ గిన్నెల దగ్గర జాతర తగ్గింది. సరిగ్గా బరువు అందేవేళకు చికెన్ ధర ఎగిరింది. బండి పంపుదామని మిల్లులో అందరూ ఒత్తిడి చేశారు. మందు ఒంట్లోంచి పోయే గడువు ఇంకా కాలేదు. రంగారావుగారు నా గదికి వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు.

"ఆపాల్సిందేనంటారా?"

"ఆపాల్సిందే సార్. పైకి ఎవరికీ తెలియదు. మనకు తెలుసు."

ఆయన బండిని వెనక్కి పిలిచాడు. గడువు తీరేసరికి ధర పడిపోయింది, అయినా నన్ను ఒక్క మాట అనలేదు. పిల్లలూ, పైవాడు మంచివాడా కాదా అని తెలుసుకోవాలంటే ధర ఎగిరిన రోజున చూడండి. నేను ఆయనకు విలువిచ్చేది అందుకే.

ఆ కోళ్ళు గిద్దలూరు పోయిన రోజు మేమిద్దరం మస్తాన్ వంటగదిలో నిలబడ్డాం. చెన్నయ్యకు మళ్ళీ పిల్లల్ని పంపాలో వద్దో ఇక్కడ తేల్చుకుంటానని రంగారావుగారు దారిలోనే చెప్పాడు. మస్తాన్ ముక్కలు కుండలో వేసి, నూనె, ఉప్పు, పసుపు పట్టించి మూత పెట్టాడు. నాకైతే కాలేజీలో పరీక్ష ఫలితాల రోజున కూడా అంత దడ లేదు. కాసేపటికి మూత తీసి గరిటెతో అడుగు కదిపాడు. కొద్దిగా చెమ్మ, అంతే. ముక్కను గరిటె అంచుతో నొక్కి, నోట్లో వేసుకున్నాడు.

"తర్లుపాడు కోడంత గట్టిగా లేదు సార్, నిజం చెప్పాల. కానీ ఏడవలా. మసాలా పడ్తాది" అన్నాడు.

రంగారావుగారు కూడా ఒక ముక్క తీసుకుని కళ్ళు మూసుకుని నమిలాడు.

"పిల్లల్ని పంపిద్దామండీ" అన్నాడు.

మంద పోయిన రోజు

కొత్త పిల్లలు దిగాక చూడటానికి పోయాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. నేను షెడ్డు బయట ఉండగానే రోడ్డు మీద దుమ్ము లేచింది. కాశయ్య మంద కిందికి పోతోంది. గొర్రెల అరుపులకు ఆదెమ్మ ఇంట్లోంచి బయటికి వచ్చి, గడప పట్టుకుని నిలబడిపోయింది.

కాశయ్య రోడ్డు మీంచే కేకేశాడు. "అన్నా, వస్తాండావా?"

చెన్నయ్య షెడ్డులోంచి బయటికొచ్చాడు. ఇంట్లోకి పోయి, గోడకు ఆనించిన తన కర్ర, ఆదెమ్మ అటక మీద దాచిన ఉప్పు సంచి తీసుకుని రోడ్డు మీదికి నడిచాడు. ఆదెమ్మ చెయ్యి నా భుజం మీద పడింది. గట్టిగా పట్టుకుంది, నొప్పి పుట్టింది. నేను కదల్లేదు.

చెన్నయ్య మంద మధ్యలోకి పోయాడు. గొర్రెలు అతన్ని గుర్తుపట్టి చుట్టూ చేరాయి. ఒక్కోదాని వీపు మీద చెయ్యి వేసి నిమిరాడు. తర్వాత ఉప్పు సంచి తమ్ముడి భుజానికి తగిలించాడు. కర్రను ఒకసారి పైకీ కిందికీ చూసి, అదీ తమ్ముడి చేతిలో పెట్టాడు.

"యాళకు పెట్టు ఉప్పు. ఎనకబడేదాన్ని సూసుకో" అన్నాడు. మంద కదిలిపోయింది. దుమ్ము అణిగిందాకా అక్కడే నిలబడి, వెనక్కి వచ్చి, షెడ్డు ముందు కాళ్ళు కడుక్కుని లోపలికి పోయాడు. కాసేపటికి నాలుక టకటకలాడించిన చప్పుడు వినబడింది. ఆ పిల్లలకు ఆ పిలుపు ఇంకా అలవాటు కాలేదు, అయినా పిలుస్తున్నాడు.

ఆదెమ్మ నా భుజం వదిలింది. ఇంట్లోకి పోయింది. ఏడుస్తోందేమోనని వెనకాలే పోయాను. పొయ్యి ముందు కూర్చుని, చాటలో బియ్యం పోసుకుని, చేత్తో అటూ ఇటూ కదుపుతూ ఉంది.

"ఏంది ఆదెమ్మా?"

"ఎండాకాలం ఎప్పుడూ నా ఒక్కదానికే వండుకునేదాన్నమ్మా" అంది. "ఇద్దరికి ఎన్ని పొయ్యాల్నో చెయ్యి తెలీకుండా ఉండాది."